ఆత్మపరిజ్ఞానము - కార్యసిద్ధి

మనుష్యుని జయాపజయములకు పరిస్థితులు కారణమా, మనోవృత్తి కారణమా యను ప్రశ్న పాతది. దైవమును నమ్మువారొక విధముగను, పురుషకారమును నమ్మువారొక విధముగను దీనికి సమాధానము చెప్పుచు వచ్చిరి. ఇటీవలివారు కొందఱు తన్ను గొప్పవానినిగా భావించుకొన్నవాడే గొప్పవాడగునని గ్రంథములు వ్రాయుచున్నారు. ఈ మాటలో కొంత సత్యము లేకపోలేదు. కాని తన్ను పొగడుకొనుట వేఱు, తన్నెఱుగుట వేఱు. ఈ భేదమును తర్కముతో తేల్చుటకంటె ఒక జీవితమును, అందు పుట్టిన రెండు గ్రంథములను పరిశీలించి గ్రహించుట మేలు. ఆ జీవితము సురవరము ప్రతాపరెడ్డిగారిది. ఆ గ్రంథములు 1934 నాటి గోలకొండ కవుల సంచికయు, 1949 నాటి ఆంధ్రుల సాంఘిక చరిత్రయు.

నేడు జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు అను పేళ్లతో మూడు జిల్లాలుగా నున్న సీమ 2016 వరకు మహబూబునగరు జిల్లాలోనిది. అంతకు పూర్వము నిజాము రాజ్యమున గద్వాల, వనపర్తి సంస్థానములు పండితపోషణమునకు ప్రసిద్ధి గాంచినవి. విద్వద్గద్వాల యను మాట లోకమున నిలిచినది. తిరుపతి వేంకటకవులు సయితము ఈ సంస్థానములకు వచ్చి అవధానములు చేసి సన్మానము లందిరి. ఇట్టి సీమలో, గద్వాల సంస్థానములోని బోరవెల్లి గ్రామమున, 1896లో ప్రతాపరెడ్డిగారు జన్మించిరి.

ఆస్థానములలో విద్య వెలుగుచున్నను సామాన్యునికి తన భాషయెడల ధైర్యము లేని కాలమది. రాజభాష ఉర్దూ. 1921లో హైదరాబాదున జరిగిన యొక సభలో తెలుగున ప్రసంగింపబూనిన వక్తను సభికులు హేళన చేసిరి. ఆ యవమానము నుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. 1926లో ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను స్థాపించిరి. పిమ్మట కొంతకాలమునకు ఒక పండితుడు నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరను నర్థము వచ్చునట్లు వ్రాసెను.

ఇట్టి మాట విన్నవానికి మూడు త్రోవలు కలవు. నిజమే కాబోలునని తల వంచుకొనవచ్చును. కోపించి తిట్టవచ్చును. మావంటి కవులు లోకమున లేరని డంబములు పలుకవచ్చును. మొదటిది ఆత్మన్యూనత; తక్కిన రెండును దాని మాఱురూపములే. ప్రతాపరెడ్డిగారు నాలుగవ త్రోవ పట్టిరి. ఉన్నవారెందఱో లెక్కింతమనిరి. ఊరూరికి వార్త పంపి, పద్యములను తెప్పించి, కవుల వివరములతో 354 మందిని ఒక సంపుటమున కూర్చిరి. ఆక్షేపణమునకు లెక్కయే సమాధానమైనది. ఇంతకంటె మర్యాదగల ఖండనము మన సాహిత్యమున అరుదు.

అయినను విమర్శకుడు ప్రశంసతో నాగరాదు. ఈ 354 మందియు సమానప్రతిభులు కారు. కొందఱి పద్యములు ఛందస్సు తప్పకుండుటయే గుణముగా గలవి. సంకలనకర్త ఉద్దేశము ఉత్తమకవిత్వమును ఏరుట గాక ఉనికిని నిరూపించుట గనుక ఈ లోపము క్షంతవ్యము. దీనికంటె లోతైన లోపమింకొకటి కలదు. కవిత్వమనగా పద్యమే యను ప్రతిపక్షి కొలబద్దనే ఈ సంచిక ప్రధానముగా అంగీకరించినది. నాట్లు వేయుచు, తిరుగలి విసరుచు పాడుకొను జనుల పాటలకు అందు చోటు తక్కువ. పరుల దృష్టిలో మనమెట్లు కనబడుచున్నామను చింతనుండి పుట్టిన ఆత్మపరిజ్ఞానము ఇంతవఱకే పోగలదు. అది అవసరమైన తొలిమెట్టు, మేడ కాదు.

రెండవ మెట్టు పదునైదేండ్లకు వచ్చినది. ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ప్రతాపరెడ్డిగారు ఎవరికిని జవాబు చెప్పబూనలేదు. తూర్పు చాళుక్యుల కాలము మొదలుకొని జనులేమి తినిరి, ఏమి కట్టిరి, ఏయాటలాడిరి, ఏ దేవతలను కొలిచిరి, ఏ మోసములకు లోనైరి యని వెదకిరి. అందులకు శాసనములతోబాటు క్రీడాభిరామము, శుకసప్తతి, హంసవింశతి మున్నగు కావ్యములను సాక్షులుగా పిలిచిరి. పండితులు శృంగారమును వెదకినచోట ఈయన వంటకములను, పనిముట్లను, జూదములను గాంచిరి. మఱియు తెలుగువారి మతకలహములను, మూఢవిశ్వాసములను దాచలేదు. సంచికలో మనకున్నదానిని చూపిరి. చరిత్రలో ఉన్నదానితోబాటు లేనిదానిని గూడ చూపిరి. తన గుణమును దోషమును ఒక్క త్రాసులో నుంచగలుగుటయే పరిపక్వమైన ఆత్మపరిజ్ఞానము. అందుచేతనే సంచిక గౌరవింపదగిన సాక్ష్యపత్రముగా నిలువగా, సాంఘిక చరిత్ర నేటికిని చదువదగిన గ్రంథముగా నున్నది.

ఇచట నొక యాక్షేపము వినవలసియున్నది. మనోవృత్తి చక్కనైనచో జయము తప్పదందురేని, పాలమూరు కూలీల మాటయేమి? దేశమున పెక్కు ఆనకట్టల కట్టుబడిలో ఈ సీమవారు రాళ్లు మోసిరి, మన్ను త్రవ్విరి. వారికి శ్రమశక్తి కొఱతగాని, పనియందు ఆత్మవిశ్వాసము కొఱతగాని యుండెనని ఎవరనగలరు? ఇతరుల పొలములకు నీరు తెచ్చిన చేతులవారికి సొంతయూరిలో చాలకాలము నీరు కఱవైనది. ఆ లోపము వారి మనస్సులోనిది కాదు. పేదవాని పేదరికమునకు వాని ఆలోచననే కారణముగా చూపుట విమర్శ కాదు, అన్యాయము.

ప్రతాపరెడ్డిగారి విజయమునకును సాధనములు తోడ్పడినవి. మద్రాసున ఉన్నతవిద్య, హైదరాబాదు రెడ్డి విద్యార్థివసతిగృహపు పరిచయములు, స్వహస్తమున పత్రిక, వార్తలు పంపు మిత్రులు ఆయనకు కలిగినవి. ఇవి లేనిచో ఆ లెక్క పూర్తియై యుండదు. అయితే ఇట్టి సాధనములు కలవారు ఆ కాలమున ఇంకను ఉండిరి. వానిని ఏపనికి వినియోగింపవలెనో తెలిసికొనుటలోనే మనోవృత్తి ప్రభావము కానవచ్చుచున్నది. సాధనములు లేని మనోవృత్తి ఎట్లు కుంటిదో, మనోవృత్తి లేని సాధనములట్లు గ్రుడ్డివి.

ఇక సాఫల్యమననేమి? 1930లో జోగిపేటయందు జరిగిన ప్రథమ నిజామాంధ్రమహాసభకు ఆయన అధ్యక్షులైరి. 1952లో వనపర్తి ప్రజలు ఆయనను హైదరాబాదు శాసనసభకు పంపిరి. మఱుసటి యేడే ఆయన కీర్తిశేషులైరి. సాంఘిక చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము 1955లో వచ్చినది. తెలుగున అదియే మొదటిది. అందుకొనుటకు గ్రంథకర్త లేడు. బిరుదులనుబట్టి సాఫల్యమును కొలుచువారికి ఇది విషాదము. కాని ఆయన నేర్పిన పని ఆగలేదు. నాగరుకర్నూలు సీమలో కపిలవాయి లింగమూర్తిగారు 2018లో పరమపదించువఱకు గుడిగుడికి, ఊరూరికి తిరిగి పాలమూరు స్థలచరిత్రలను సేకరించిరి. ఆయన పనియందును నాటి లెక్కించు స్వభావమే కనబడును.

కావున ఆత్మవిశ్వాసమును బోధించువారికి మా మనవి యిది. నీవు గొప్పవాడవని శిష్యునితో చెప్పుటకు ముందు, నీయొద్ద నేమున్నదో, ఏమి లేదో వ్రాసి తెమ్మని అడుగుడు. ఆ పట్టిక నిజాయితీగా వ్రాయగలవానికి ధైర్యము వేఱుగ నేర్పనక్కఱలేదు.