ట్యాంకు అడుగున మిగిలిన మందు

మిరప తోటలో మందు కొట్టి ఇంటికొచ్చిన మనిషికి ట్యాంకు అడుగున మిగిలిన లీటరో రెండు లీటర్లో పారబోయడానికి మనసొప్పదు. ఎదురుగా పెరట్లో రేగు చెట్టు కనబడుతుంది. దాని మీద కొట్టేస్తాడు. మా పర్చూరు, మార్టూరు వైపు చాలా ఇళ్ళలో చూశాను ఈ వరస. అడిగితే, "తెగులు మందే కదండీ, కొడితే పోయేదేముంది?" అంటారు. పోయేదేమిటో ఈ వారం చెప్పుకుందాం.

నేనంటున్నది ఆపిల్ రేగు. మన నల్లరేగడిలో అసలు ఆపిల్‌కి చోటు లేదు గానీ, థాయిలాండ్ రకమని నర్సరీల వాళ్ళు తెచ్చి అమ్మిన ఈ మొక్క మాత్రం నాటిన ఏడాది రెండేళ్ళకే కాపుకొచ్చి, బోరు పక్కనా దొడ్డిగోడ వారా స్థిరపడిపోయింది. భోగిపళ్ళకి ఇది పనికిరాదు. పోస్తే పిల్లల నెత్తి బొప్పి కడుతుంది. ఆ పనికి ఇప్పటికీ పొలంగట్టు నాటురేగే దిక్కు. రేగు వడియాలకీ అంతే, పులుపు లేని పండుతో పెడితే బెల్లమూ మిరపకాయా తప్ప నోటికి ఏమీ తగలదు. ఊరికే కొరుక్కు తినడానికైతే దీనికి సాటి లేదు.

దీన్ని పట్టి పీడించేది బూడిద తెగులు. అక్టోబరు, నవంబరు నెలల్లో పిందె బఠాణీ గింజంత ఉన్నప్పుడు మొదలవుతుంది. ముచ్చిక దగ్గర తెల్లగా పొడి అద్దినట్టు కనిపిస్తుంది. బొటనవేలితో తుడిస్తే వేలికి అంటుకుని వచ్చేస్తుంది, కింద పిందె పచ్చగానే ఉంటుంది. ఇంకొన్నాళ్ళు పోయాక తుడిచి చూడండి, తెలుపు రాదు. అప్పటికి తోలు గోధుమరంగుకి తిరిగి, గరుకెక్కి, బెరడు కట్టేసి ఉంటుంది. లోపల కాయ ఊరుతుంటే ఆ బెరడు సాగలేక పగులుతుంది. చాలా మటుకు రాలిపోతాయి, నిలిచినవి వంకర తిరుగుతాయి. చాలామంది ఈ దశలోనే మేలుకుని మందు కోసం కొట్టుకి పరిగెత్తుతారు. అప్పుడు ఏ మందు కొట్టినా ఆ బెరడు మళ్ళీ తోలు కాదు.

మిరప రైతుకి తెగులంటే వాన. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటాక మన తోటల గతేమైందో చూశాం. కాయకుళ్ళు తెచ్చే కొల్లెటోట్రైకం శిలీంధ్రం బీజాలు జిగురులో అతుక్కుని ఉంటాయి. వాన చినుకు తగిలి చిందితే తప్ప పక్క కాయకి పోలేవు, కాయ మీద తడి ఉంటే తప్ప మొలవలేవు. పండుకాయ మీద లోపలికి నొక్కుకుపోయిన మచ్చ, మచ్చలో వలయాలు వలయాలుగా నల్లటి చుక్కలు, చీల్చి చూస్తే గింజల మీదా బూజు. కళ్ళంలో ఎండేసరికి అది తాలు. గుంటూరు యార్డులో టిక్కీ కోసి గుప్పెడు తీసి చూసేవాడి చూపు ముందు దాని మీదే పడుతుంది. అందుకే వాన వెలిసిందంటే మన చేయి మాంకోజెబ్ వైపో, కాపర్ ఆక్సీక్లోరైడ్ వైపో పోతుంది. మిరపకి అది సరైన పనే.

రేగు బూడిద నడక దీనికి పూర్తిగా ఎదురు. దాని బీజం మొలవడానికి నీటి చుక్క అక్కర్లేదు, పైగా నీళ్ళు నిలిస్తే చెడిపోతుంది. దానికి కావాల్సింది రాత్రి చలి, గాలిలో కాస్త తేమ, పగలు పొడి వాతావరణం. పొడి గాలికి ఎగిరి చెట్టంతా పాకుతుంది. తుపాను వానలు తెరిపిచ్చి, ఇక తెగుళ్ళ బెడద తగ్గిందని మిరప రైతు ఊపిరి పీల్చుకునే రోజులే దానికి పండగ రోజులు. మిరపకీ బూడిద తెగులు ఉంది, కాదనను. అది ఆకు అడుగున తెల్లగా కనబడుతుందే గానీ శిలీంధ్రం ఆకు లోపలి పొరల్లోకి దిగిపోతుంది. రేగుది పైపైనే పాకుతూ, తిండికి మాత్రం పై పొర కణాల్లోకి పీల్చే వేళ్ళు దించుతుంది. పైన ఉంది కాబట్టే గంధకానికి దొరుకుతుంది. మాంకోజెబ్‌కి ఇది పెద్దగా లొంగదు. ట్యాంకు మిగులు కొట్టినాయన చెట్టుకి చేసిన మేలు అంతంతే. ఆ ట్యాంకులో తామరపురుగు మందో పచ్చపురుగు మందో కూడా కలిసి ఉంటే, దాన్ని తీసుకొచ్చి పిల్లలు అడక్కుండా కోసుకు తినే కాయల మీద చల్లినట్టయింది.

ఈ తేడా తెలుసుకోడానికి ఐరోపా ద్రాక్షతోటలకే చాలా కాలం పట్టింది. 1845లో ఇంగ్లండులో మార్గేట్ అనే ఊళ్ళో టక్కర్ అనే తోటమాలి ద్రాక్ష మీద ఈ బూడిద జాతి తెగులుని గమనించాడు. ఫ్రాన్స్ తోటలు దానితో కుదేలైతే గంధకం పొడే వాటిని నిలబెట్టింది. తరవాత తడిని నమ్ముకుని బతికే ఇంకో బూజు దిగింది, దాని మీద గంధకం పారలేదు. దారిన పోయేవాళ్ళు ద్రాక్ష కోసుకోకుండా రోడ్డు వార తీగలకి మైలుతుత్తం, సున్నం పూస్తే ఆ తీగలకి మాత్రం బూజు పట్టలేదని మిలార్డే అనే శాస్త్రవేత్త కనిపెట్టి, 1885లో బోర్డో మిశ్రమం సంగతి ప్రకటించాడు. రెండు తెగుళ్ళకీ మందులు వేరు, రెండూ ఇప్పటికీ మన కొట్లలో పక్కపక్కనే దొరుకుతున్నాయి.

రేగుకి అసలు వైద్యం వేసవిలోనే మొదలవుతుంది. పళ్ళయిపోయి ఆకు రాల్చాక, ఏప్రిల్, మే నెలల్లో కొమ్మలు నరకాలి. కత్తిరించడం కాదు, నరకడమే. కొత్త చిగుళ్ళ మీదే రేగు కాస్తుంది కాబట్టి భయం అక్కర్లేదు. నరకని చెట్టు గొడుగులా కమ్ముకుని, లోపల గాలాడక, తేమ పట్టి ఉంటుంది. మందు కూడా లోపలి కొమ్మలకి చేరదు. అంటు కింద నుంచి నాటురేగు పిలకలు లేస్తాయి, వాటిని కనబడ్డప్పుడల్లా తీసేయాలి. నా మాటకొస్తే, ఈ రెండు పనులూ చేసినవాడికి మందుతో సగం పని తప్పినట్టే.

మిగతా సగానికి నీటిలో కరిగే గంధకం, లీటరుకి 3 గ్రాములు. పిందె కట్టగానే ఒకసారి, పదిహేను రోజులకి ఇంకోసారి, బూడిద ఇంకా జాడ చూపిస్తుంటే మరోసారి. పొద్దున్నో సాయంత్రమో కొట్టాలి, ఎండ మండేటప్పుడు కొడితే ఆకు మాడుతుంది. వేపనూనె కొట్టిన చెట్టుకి రెండు వారాల దాకా గంధకం చూపించకూడదు, అప్పుడూ మాడేది ఆకే. ముక్కుకి గుడ్డ కట్టుకోవడం మాత్రం మిరప తోటలో ఎంతో ఇక్కడా అంతే.

మా వీధి చివర అత్తయ్యగారికి కొట్టు మందంటే పడదు. "పుల్లమజ్జిగ చాలదా అబ్బాయ్?" అంటారు. ఆవిడది వట్టి చాదస్తమని కొట్టిపారేయలేం. 1999లో బ్రెజిల్ శాస్త్రవేత్త బెట్టియోల్ ఆవుపాలు నీళ్ళలో కలిపి గుమ్మడి జాతి పాదు మీద చల్లి, బూడిద తెగులు తగ్గిందని చూపించాడు. కాకపోతే ఆయన వారం వారం చల్లాడు, పాదు చిన్నది. మన రేగు చెట్టు ఇంటి కప్పు దాటింది. ఈ మాట చెబితే అత్తయ్యగారు పాల ఖర్చు లెక్కేసుకుని, "అయితే ఆ గంధకమేదో నువ్వే కొట్టిపో" అన్నారు.

ఇక ట్యాంకు మిగులు. చేను కొలతని బట్టి కలుపుకుంటే మిగలదు. మిగిలినా, కడిగిన నీళ్ళతో సహా ఆ చేలోనే ఇంకో సాలు మీద కొట్టి రావాలి. ఇంటిదాకా తేవద్దు.

నరికిన రేగు కంప ఏం చేయాలని అడుగుతున్నారు, తగలబెట్టాలా అని. ఆపిల్ రేగుకి ముళ్ళు తక్కువే అయినా కోళ్ళు దూరకుండా చిక్కుడు పాదు చుట్టూ కంచె కట్టుకోవచ్చు. బూడిద శిలీంధ్రం పచ్చికణం మీదే బతుకుతుంది, ఎండిన కంపలో దానికి తిండి లేదు. జాగ్రత్త పడాల్సింది మిరప కట్టెతో. కాయకుళ్ళు శిలీంధ్రం చచ్చిన మొక్క మీదా, రాలిన కాయ మీదా కాలక్షేపం చేయగలదు. పొయ్యిలోకని దొడ్లో వేసిన ఆ మోపు తొలకరికి ముందే పొయ్యిలోకి పోవాలి, నారుమడి దాని పక్కన పోయకూడదు.