ఫెస్టర్ ఆ పిల్లలకి ఏమవుతాడు?

నెట్‌ఫ్లిక్స్‌లో 'వెన్స్‌డే' (2022) చూసినవాళ్ళకి ఆ రెండు జడలు, నల్ల గౌను, రెప్ప వెయ్యని చూపు గుర్తుండే ఉంటాయి. ఆ పిల్ల మొదటిసారి టీవీలో కనిపించింది 1964లో, ఏబీసీ వాళ్ళ 'ది ఆడమ్స్ ఫ్యామిలీ'లో. అంతకుముందు న్యూయార్కర్ పత్రికలో చార్ల్స్ ఆడమ్స్ గీసిన కార్టూన్లలో వీళ్ళకి పేర్లు కూడా లేవు.

రెండు సీజన్లు, 64 ఎపిసోడ్లు, అంతా నలుపు తెలుపు. వరసపెట్టి చూస్తే విసుగొస్తుంది, ఆ మాట చెప్పాల్సిందే. ఎవరో ఒకరు ఆ ఇంటికి రావడం, హడలిపోయి పరిగెత్తడం. సగం కథలు ఇంతే. అయినా చూస్తూ కూర్చున్నానంటే కారణం ఆ మనుషులే. మోర్టీషియా (కరోలిన్ జోన్స్) నోట ఒక్క ఫ్రెంచి ముక్క వస్తే చాలు, గోమెజ్ (జాన్ ఆస్టిన్) ఆమె చెయ్యి పట్టుకుని భుజం దాకా ముద్దులు పెట్టుకుంటూ పోతాడు. ఆ రోజుల్లో అమెరికన్ టీవీలో మొగుడూ పెళ్ళాలు చాలావరకు పక్కపక్కన వేరు వేరు మంచాల మీద పడుకునేవాళ్ళు మరి!

నాకు మాత్రం ఆ ఇంట్లో అసలు మనిషి ఫెస్టర్. బోడిగుండు, నోట్లో పెట్టుకుంటే వెలిగే బల్బు. ఇంగ్లీషులో 'అంకుల్' అనేస్తే సరిపోతుంది, మనకి కుదరదు. ఈ సీరియల్లో అతను మోర్టీషియాకి బాబాయి వరస, అంటే పిల్లలకి తాతయ్య. 1991 సినిమాకొచ్చేసరికి గోమెజ్‌కి అన్నదమ్ముడైపోయాడు.

ఆ వేషం వేసింది జాకీ కూగన్. చాప్లిన్ 'ది కిడ్' (1921)లో చిరిగిన బట్టల్లో ఏడ్చే ఆ బుజ్జిగాడే. చిన్నతనంలో లక్షల డాలర్లు సంపాదించాడు. పెద్దయ్యాక చూసుకుంటే తల్లీ, మారుతండ్రీ చాలావరకు ఖర్చు చేసేశారు. 1938లో కన్నతల్లి మీదే కోర్టుకెక్కాడు. దక్కింది కొంతే. ఆ గొడవ వల్లే 1939లో కాలిఫోర్నియాలో బాలనటుల సంపాదన కాపాడే చట్టం వచ్చింది, దాన్ని ఇప్పటికీ కూగన్ చట్టమనే అంటారు. అది తెలిశాక ఫెస్టర్‌ని మామూలుగా చూడలేకపోయాను. పిల్లలు డైనమైట్‌తో ఆడుకుంటున్నా కేకలెయ్యని ఇల్లది. వెన్స్‌డే వేసిన లీసా లోరింగ్‌కి అప్పటికి ఆరేళ్ళు. ఆ పిల్ల పక్కన, సొంత ఇంట్లోనే దోపిడీకి గురైన మనిషి.

తర్వాత వచ్చినవాటిలో ఈ ఇల్లే పల్చబడింది. 90ల సినిమాల్లో రౌల్ జూలియా, అంజెలికా హ్యూస్టన్ ఆ మొగుడూ పెళ్ళాల ప్రేమని బాగానే నిలబెట్టారు. కొత్త సిరీస్ మాత్రం పిల్లని హాస్టల్‌కి పంపించి, తల్లికీ కూతురికీ మధ్య అందరిళ్ళలో ఉండే పేచీయే పెట్టింది. అందరిళ్ళలా ఉండకపోవడమే కదా వీళ్ళ సొగసు! జెన్నా ఒర్టేగా బాగా చేసింది, కాదనను. అందరూ రీల్స్ చేసుకున్న ఆ డాన్స్‌కి స్ఫూర్తినిచ్చినవాళ్ళలో లోరింగ్ పేరూ చెప్పింది. అసలు డాన్సు చూడండి: ఆరడుగుల తొమ్మిదంగుళాల లర్చ్‌కి, అంటే టెడ్ కాసిడీకి, అతని నడుం దాకా కూడా రాని పిల్ల స్టెప్పులు నేర్పుతుంటుంది. అతను బుద్ధిగా నేర్చుకుంటుంటాడు.