బూడిదదిబ్బల ఎముకలు: ‘పశుపాలకులు’ అనే పేరుకు ఆధారమెంత?

ఉపోద్ఘాతం

దక్కన్ నవీన శిలాయుగ ప్రజలను ‘పశుపాలకులు’గా పేర్కొనడం పురావస్తు రచనల్లో స్థిరపడింది. రేమండ్ ఆల్చిన్ 1957లో పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో జరిపిన తవ్వకాలు, 1963లో వెలువరించిన గ్రంథం ఈ పేరుకు బలమిచ్చాయి. బూడిద పొరల్లోని గిట్టల ముద్రలు, దడికి పాతిన గుంజల గుంతల ఆధారంగా, పశువుల దొడ్లలో పోగైన పేడ కాలడం వల్లనే ఈ దిబ్బలు ఏర్పడ్డాయని ఆయన వాదించారు. అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం ప్రాంతంలోని పాలవాయిపై వి. రామిరెడ్డి 1976లో ప్రకటించిన గ్రంథం రాయలసీమ ఆధారాలను ఈ చర్చలో నిలిపింది.

గిట్టల ముద్ర పశువు అక్కడ నిలిచిందని మాత్రమే చెబుతుంది. దానిని పాలకు పెంచారా, మాంసానికా, బరువు మోయడానికా అన్నది ఎముకలే చెప్పాలి.

లెక్కింపులోని చిక్కు

ఎముకలను జాతి, శరీరభాగం, కుడి ఎడమలు, వయసు, కోత గుర్తులు, కాలిన తీరు, దొరికిన పొర అనే క్రమంలో వేరుచేయాలి. జాతుల పట్టిక ఒక్కటే చాలదు. ఒక ఆవు కాలి ఎముక పది ముక్కలైతే శకలాల లెక్కలో పదిగా నమోదవుతుంది. కుడి భుజాస్థి కింది చివరలు మూడు దొరికితే కనీసం మూడు జంతువులున్నట్లు. ఈ రెండు పద్ధతులూ వేర్వేరు ఫలితాలనిస్తాయి. మట్టిని జల్లెడ పట్టకపోతే గొర్రె, మేకల చిన్న ఎముకలు జారిపోయి పశువుల వాటా పెరిగినట్లు కనిపిస్తుంది. గొర్రెనూ మేకనూ వేరుచేయడం కూడా కొన్ని ఎముకల విషయంలోనే సాధ్యం.

దొరికిన చోటు కూడా ముఖ్యమే. కర్ణాటకలోని బుదిహాళ్‌లో కె. పద్దయ్య బూడిదదిబ్బతో పాటు నివాసస్థలాన్నీ, పశువులను కోసిన నేలనూ గుర్తించారు. దొడ్డి, వంటిల్లు, కోత నేల మూడింటి ఎముకలనూ ఒకే లెక్కలో కలిపితే వాటి అర్థం చెదిరిపోతుంది.

కరువు అనే మూడో వివరణ

దంతాల అరుగుదల, ఎముకల చివరలు అతుక్కున్న తీరును బట్టి చనిపోయిన వయసును అంచనా వేస్తారు. లేత మగదూడలు ఎక్కువగా కనిపిస్తే పాల కోసమనీ, ఎదిగిన కోడెలు ఎక్కువైతే మాంసం కోసమనీ భావించడం పరిపాటి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానపడే అనంతపురం పీఠభూమిలో ఈ రెండు నమూనాలే సరిపోవు. మేత కరువైతే దూడలు, ముసలి పశువులతో పాటు ఈనిక వయసులోని ఆవులూ చనిపోతాయి. పెంపకందారు మామూలుగా ఆ ఆవులను వదులుకోడు. అవి అధికంగా కనిపిస్తే కరువును తప్పక పరిశీలించాలి. నేటి వర్షపాతాన్ని నాటికి యథాతథంగా ఆపాదించడం తగదు. పరీక్షించకుండా ఆ అవకాశాన్ని తోసిపుచ్చడమూ తగదు.

ముగింపు

‘పశుపాలకులు’ అనే పేరు తప్పని దీని అర్థం కాదు. అది తేలిన నిర్ణయం కాదు, పరీక్షకు నిలవాల్సిన ప్రతిపాదన. తవ్వకాల నివేదికల్లో ఎముకలకు అనుబంధంలో చోటిచ్చినంత కాలం ఆ పరీక్ష జరగదు. వాటిని పొరలవారీగా, వయసులవారీగా ప్రధాన అధ్యాయంలో ప్రకటించినప్పుడే ఈ నేలపై మనిషీ పశువూ కరువును ఎలా దాటారో చెప్పగలిగే చరిత్ర సాధ్యమవుతుంది.