నల్ల కుక్క, ఎర్ర దీపం

మా చంటి నల్ల లాబ్రడార్. పదకొండేళ్లు. నిరుడు చలికాలంలో ఓ పొద్దున మెట్ల దగ్గర నిలబడి నా మొహంలోకి చూసింది. ఎక్కలేనని దానర్థం. డాక్టరు గారు ఎక్స్‌రే తీసి తుంటి కీళ్లు అరిగాయన్నారు. మాత్రలు రాశారు, వారానికి రెండుసార్లు లేజర్ పెడదామన్నారు.

"దీపం చూపిస్తే నొప్పులు పోతాయట్రా? ఎండలో పడుకోబెట్టు, చాలు" అంది అమ్మ.

ఆ మాట మరీ తప్పేం కాదు. ఈ వైద్యంలో వాడే ఎరుపు, పరారుణ కాంతి ఎండలోనూ ఉంది. 1967లో బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ అనే వైద్యుడు ఎలుకల వీపు గొరిగి బలహీనమైన లేజర్ వేస్తే, వెలుతురు పడ్డచోట వెంట్రుకలు తొందరగా మొలిచాయి. కథ అక్కణ్నించి మొదలైంది. కణంలోని మైటోకాండ్రియాలో ఉండే ఓ ఎంజైమ్ ఈ కాంతిని పీల్చుకుంటుందనీ, దాంతో కణానికి శక్తి పెరిగి వాపు తగ్గుతుందనీ శాస్త్రజ్ఞులు చెప్పే కారణం.

మా చంటికి వచ్చిన చిక్కల్లా దాని నలుపే. నల్ల వెంట్రుకలు కాంతిని పైపైనే మింగేసి వేడెక్కుతాయి. అందుకే లేజర్ పెట్టే కుర్రాడు పరికరాన్ని ఒక్కచోట ఆపకుండా ఇస్త్రీపెట్టెలా తిప్పుతూనే ఉంటాడు. ఆపితే ఏమవుతుందో ఇస్త్రీ చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. గదిలో ఉన్నవాళ్లందరికీ కళ్లద్దాలు, చంటితో సహా. ఆ వేషం ఫొటో చూసి అమ్మ రెండు రోజులు నవ్వింది.

అరిగిన మృదులాస్థి వెలుతురుతో తిరిగి రాదు. తగ్గితే నొప్పి తగ్గాలి, అంతే. మోచేతి కీళ్లు అరిగిన 20 కుక్కలపై చేసిన అధ్యయనం ఒకటి 2018లో కెనడా పశువైద్య పత్రికలో వచ్చింది. ఉత్తుత్తి లేజర్ పెట్టిన వాటికంటే అసలు లేజర్ పెట్టినవి తక్కువ కుంటాయి, వాటి నొప్పి మాత్రలూ తగ్గాయి. ఆశ పుట్టించే ఫలితమే గానీ, ఇరవై కుక్కలంటే మా వీధిలోనే దొరుకుతాయి.

ఆరు వారాలకు చంటి మెట్లెక్కింది. అయితే ఆ ఆరు వారాల్లోనే నున్నటి టైల్స్ మీద రబ్బరు పట్టాలు పరిచాం, అమ్మ దొంగచాటుగా పెట్టే పెరుగన్నం మానిపించి దాని బరువు తగ్గించాం. ఘనత దేనిదంటే, నా ఓటు పెరుగన్నం మానడానికే. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.

కుక్కల్ని పెంచుకునేవాళ్లకు ఒక్క మాట. లేజర్ పెట్టించినా పెట్టించకపోయినా, కుంటుతోంది కదా అని మీరు వేసుకునే ఐబుప్రొఫెన్ మాత్ర మాత్రం దాని నోట్లో వేయకండి. కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.