ఆ గిల్ట్‌లో నాన్న వాటా

ఆదివారం అనుబంధాల్లో ఈ మధ్య ఒక రకం సలహా ఎక్కువైంది. ఈ వారం మరీ విసుగొచ్చింది. పసిపిల్లల తల్లులూ, గిల్టీగా ఫీలవకండి, మీకంటూ కాస్త సమయం ఉంచుకోండి, రోజూ పది నిమిషాలు ధ్యానం చేయండి అని. చెప్పేవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ రాత్రంతా లేస్తూ పడుకుంటూ తెల్లారి ఎనిమిదింటికి ఆఫీసు క్యాబ్ ఎక్కే మనిషికి అది ఇంకో పని. చేయలేకపోతే ఇంకో గిల్టు. సలహా ఏమిటన్నది తరువాత, ముందు ఎవరికి చెబుతున్నారో చూడండి అని ఈ కాలమ్‌లో పాడిన పాటే మళ్లీ మొదలెట్టానని పాత పాఠకులు నవ్వుకుంటారు. నవ్వుకోండి. పసిపిల్లల విషయంలో మన దగ్గర పుట్టే ప్రతి సలహా ఒకే చిరునామాకు వెళ్తుంది, అమ్మకు. సలహాలతో పాటు నిందలూ అక్కడే దిగుతాయి.

కాన్పు నుంచే మొదలు. సిజేరియన్ అయితే ఈ కాలం పిల్లలు నొప్పులు ఓర్చుకోలేరంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) లెక్కలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లు. ఒక రాష్ట్రంలో సగానికి పైగా తల్లులకు ఒక్కసారే ఓపిక నశించిందని నమ్మాలా? ఆస్పత్రుల లెక్కలూ పంచాంగంలో ముహూర్తాలూ అందులో లేవా? తరువాత పాలు. మళ్లీ ఉద్యోగంలో చేరిన బాలింతకు మధ్యాహ్నానికి రొమ్ములు గడ్డకట్టి జాకెట్టు తడుస్తుంది. పాలు పిండుకోవడానికి బాత్రూం తప్ప చోటుండదు. వేళకు తీయకపోతే పాలు తగ్గుతాయి, ఒంటి తీరే అంత. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో వచ్చిన సవరణ 26 వారాల సెలవుతో పాటు, యాభై మంది పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి రావచ్చని చెప్పింది. ఆ గది లేని ఆఫీసు ఏమీ అనుకోదు. ‘నాకే పాలు పడలేదు’ అని ఆమె అనుకుంటుంది. పత్తి చేలోకో ఇటుక బట్టీకో వెళ్లే తల్లికి ఆ సెలవూ లేదు. అంగన్‌వాడీ నుంచి బాలామృతం ప్యాకెట్ ఇంటికొస్తుంది కానీ, పూర్వ ప్రాథమిక బడిలో కూర్చోబెట్టేది మూడేళ్లు నిండాకే. అప్పటిదాకా బిడ్డ చెట్టుకు కట్టిన ఉయ్యాల్లోనే.

నిపుణులు కూడా ఈ నిందను ఎంత తేలిగ్గా తయారుచేయగలరో చూడాలంటే ఆటిజం చరిత్ర చదవాలి. అమెరికాలో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ 1943లో పదకొండు మంది పిల్లల గురించి రాసి ఆ స్థితికి ఒక రూపం ఇచ్చాడు. పుట్టుకతో వచ్చే లోపం కావచ్చని ఆయనే అన్నాడు. దాంతో పాటు ఆ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత కనిపించలేదనీ రాశాడు, తరువాత 1949లో ఫ్రిజ్‌తో పోల్చాడు. గమనించండి, ఆయన రాసింది తల్లి గురించీ తండ్రి గురించీ. జనం నోట మిగిలింది మాత్రం ‘రిఫ్రిజిరేటర్ తల్లులు’. తండ్రి మధ్యలో ఎక్కడో దిగిపోయాడు. నాజీ శిబిరాల్లో స్వయంగా బందీగా ఉండి, తరువాత అమెరికాలో ఇలాంటి పిల్లల చికిత్సా పాఠశాల నడిపిన బ్రూనో బెట్టెల్‌హైమ్ 1967లో ఇంకా ముందుకు వెళ్లి, ఈ పిల్లల స్థితిని ఆ శిబిరాల్లో బందీల స్థితితో పోల్చాడు. అలా అయితే కాపలాదారు ఎవరో వేరే చెప్పాలా? బిడ్డకు వైద్యం కోసం వచ్చిన తల్లుల్ని మనోవిశ్లేషణకు కూర్చోబెట్టారు, కొందరు పిల్లల్ని ఇంటికి దూరంగా ఉంచారు. ఈ వాదం తప్పని బెర్నార్డ్ రిమ్లండ్ 1964లోనే పుస్తకం రాశాడు. ఆయన మనస్తత్వవేత్త, ఆటిజం ఉన్న బిడ్డకు తండ్రి కూడా. 1969లో కానర్ తల్లిదండ్రుల సభలో నిలబడి మిమ్మల్ని నిర్దోషులుగా వదిలేస్తున్నానన్నాడు. 1977లో కవలలపై ఫోల్‌స్టీన్, రట్టర్ల అధ్యయనం జన్యువుల పాత్రను చూపింది. అప్పటికే ఒక తరం తల్లులు తామే బిడ్డను పాడుచేశామన్న నమ్మకంతో ముసలివాళ్లవుతున్నారు.

ఆ వాదం పోయింది, అలవాటు పోలేదు. రెండేళ్లొచ్చినా మాటలు రాని పిల్లాణ్ణి చూసి ఇప్పుడు మన ఇళ్లల్లో మొదట అడిగేది, ‘ఫోన్ ఇస్తున్నావా?’ రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, మన పిల్లల వైద్యులూ చెబుతున్నారు, అందులో పేచీ లేదు. కానీ టీవీ చర్చల్లో వినిపించే ‘వర్చువల్ ఆటిజం’ అనే జబ్బు వైద్యుల అధికారిక వర్గీకరణల్లో ఎక్కడా లేదు. పైగా ఫోన్ చూపిస్తూ ముద్ద పెట్టే ఆ వేళకు ఇంట్లో ఇంకెవరున్నారు, ఏం చేస్తున్నారు అన్నది ఎవరూ అడగరు. ఒక చేత్తో పప్పన్నం గిన్నె, ఇంకో చేత్తో ఫోన్, పొయ్యి మీద విజిల్ వేస్తున్న కుక్కర్. ఆమె ఫోన్ ఇచ్చింది నిజమే. పక్క గదిలో ఇంకో ఫోన్ చూస్తున్న మనిషిని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఇంతదాకా చదివినవారు, అయితే ఈ గిల్టును మూట కట్టి పారేయమంటాడు కాబోలు అనుకుని ఉంటారు. నేనది అనను. అపరాధ భావన లేకపోతే పిల్లల్ని పట్టించుకునేదెవరు అని పెద్దవాళ్లు వేసే ప్రశ్నలో బలముంది. అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ 1970ల్లో చేసిన ప్రయోగాల్లో తల్లి కాసేపు ముఖంలో ఏ భావమూ లేకుండా కూర్చుంటే పసివాడు నవ్వి, చేతులు చాపి, చివరికి ఏడ్చాడు. మామూలు ఆటలో కూడా తల్లీబిడ్డా సరిగ్గా కలిసేది సుమారు మూడో వంతు సమయమేనని, తప్పిపోయినప్పుడల్లా మళ్లీ కలుపుకోవడమే పిల్లల్ని నిలబెడుతుందని ఆయన పరిశోధన చెప్పింది. అరిచాక మనసు చివుక్కుమని వెనక్కి వచ్చి ఎత్తుకునేలా చేసేది ఆ గిల్టే. అది పనికొచ్చే సరుకు. ఇంట్లో ఒక్కరి దగ్గరే పోగుపడి, రెండో మనిషి దగ్గర బొత్తిగా లేకపోవడమే నా అభ్యంతరం. కేంద్ర ప్రభుత్వ సమయ వినియోగ సర్వే (2024) ప్రకారం 15-59 ఏళ్ల మహిళల్లో 41 శాతం ఇంట్లోవాళ్ల సంరక్షణ పనుల్లో ఉంటే, మగవాళ్లలో 21.4 శాతమే. ఆ చేసేవాళ్లలోనూ ఆడవాళ్లు రోజుకు సుమారు 140 నిమిషాలు, మగవాళ్లు 74 నిమిషాలు. మిగతా మగవాళ్లకు నిద్ర పట్టకపోవడం ఎప్పుడైనా విన్నామా?

పాలివ్వగలిగేది తల్లే కదా అంటారు. నిజమే, పాలవరకే. తేన్పు తెప్పించడానికి, లంగోటా మార్చడానికి, జ్వరం రాత్రి తడిగుడ్డ వేయడానికి రొమ్ములు అక్కర్లేదు. సంపాదించే మనిషికి తీరికెక్కడిదంటారు. ఆమె కూడా సంపాదిస్తున్న ఇళ్లల్లో సైతం ఈ మాటే వినిపిస్తుంది, కాబట్టి అది కారణం కాదు, సాకు. కేంద్ర ప్రభుత్వం తన మగ ఉద్యోగులకు ఇచ్చే పితృత్వ సెలవు 15 రోజులు. ప్రైవేటు ఉద్యోగులకు చట్టం ఇచ్చే సెలవు సున్నా. ఈ తేడా మీద గిల్టీగా ఫీలవాల్సింది పార్లమెంటు.

అందుకే ఈ వారం తల్లులకు చెప్పేదేమీ లేదు. ఇది చదువుతున్న నాన్నలకే ఒక మనవి. మాతా శిశు సంరక్షణ కార్డు ఇంట్లో ఏ డ్రాయర్లో ఉందో ఇవాళ వెతకండి. తరువాతి టీకా తేదీ చూసి, ఆ రోజుకు సెలవు మీరు పెట్టండి.