తెర మీద గీత, చిప్‌లో పగులు

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పాత వస్తువుకి మర్యాద ఎక్కువ. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన తెలుగు కుటుంబాల్లో చాలామందికి అన్నం పెట్టింది అక్కడి రైల్వే వర్క్‌షాపే. దూరాలు తిరిగొచ్చిన పెట్టెని విప్పడం, కడగడం, కొలవడం, చెడినదాన్ని మార్చి మళ్ళీ పట్టాలెక్కించడం వాళ్ళ రోజువారీ పని. రైల్వే భాషలో దాని పేరు పీఓహెచ్, అంటే గడువు ప్రకారం చేసే పూర్తి ఓవర్‌హాల్. ఎవరో బాగానే ఉందన్నారని అక్కడ ఏ పెట్టీ బయటికి రాదు. పరీక్ష జరగాలి, ఫలితం కాగితం మీదకి ఎక్కాలి.

పాత ల్యాప్‌టాప్ కొనేటప్పుడు కూడా అంత పట్టింపు ఉండాలి.

ఆ ఊళ్ళో దాని అవసరం పెద్దది. 1951లో హిజ్లీలో మొదలైన ఐఐటీ పక్కనే ఉంది. ఐఐటీలూ బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో ప్రారంభించిన ఎన్‌పీటీఈఎల్ పాఠాలని ఎవరైనా డబ్బు కట్టకుండా వినొచ్చు. నేషనల్ డిజిటల్ లైబ్రరీని నడిపేది ఖరగ్‌పూర్ ఐఐటీయే. ఇంత చదువు ఉచితంగా దొరుకుతున్నప్పుడు, దాన్ని అందుకోవడానికి ఇంట్లో ఒక తెర కావాలి. కొత్తది కొనలేని కుటుంబం గోల్‌బజార్‌లో వాకబు చేస్తుంది, లేదా హౌరా లోకల్ ఎక్కి కోల్‌కతా చాందనీ మార్కెట్‌కి వెళ్తుంది. అలాంటి చోట "డిస్‌ప్లే కొంచెం ప్రాబ్లం దాదా, విండోస్ మళ్ళీ వేస్తే పోతుంది" అంటూ బాగా తక్కువ ధరకి ఒక మెషిన్ ముందుకొస్తుంది. తెర మీద అడ్డంగా రంగు గీతలు, అప్పుడప్పుడూ చుక్కలు. మిగతాదంతా చక్కగా పనిచేస్తోంది.

కొనాలా, వద్దా?

గీతలు కనిపించేది తెర మీదే అయినా, పుట్టేది అక్కడే అని చెప్పలేం. బొమ్మని తయారుచేసేది గ్రాఫిక్స్ చిప్. అది మదర్‌బోర్డు మీద ఉంటుంది. అక్కణ్ణుంచి మూత కీలు గుండా పోయే సన్నటి కేబుల్ బొమ్మని తెరకి చేరుస్తుంది. వీటన్నిటినీ నడిపించడానికి డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. డ్రైవర్ చెడితే సరిచేయడానికి ఖర్చు లేదు. కేబుల్ మార్పించడం చిన్న పని. తెర మార్చాలంటే డబ్బవుతుంది గానీ లెక్క తేలుతుంది. చిప్ పోయిందంటే మాత్రం మదర్‌బోర్డుకే ఎసరు.

ఈ నాలుగింటినీ వేరుచేయడానికి విప్పే పనే లేదు. మొదట మెషిన్ ఆపి, మళ్ళీ ఆన్ చేసి, విండోస్ రాకముందు కనిపించే కంపెనీ లోగోనీ, బయాస్ పేజీనీ చూడాలి. అక్కడే గీతలుంటే విండోస్ మళ్ళీ వేసినా పోవు, ఎందుకంటే ఆ క్షణానికి విండోస్ ఇంకా మొదలే కాలేదు. తర్వాత మూతని మెల్లగా ముందుకీ వెనక్కీ కదపాలి. కదిలినప్పుడల్లా గీతలు వచ్చిపోతుంటే కేబుల్‌ని అనుమానించాలి. ఆపైన బయటి మానిటర్ తగిలించాలి. అందులో బొమ్మ శుభ్రంగా వస్తే లోపం చాలామటుకు తెరదో కేబుల్‌దో. రెండు చోట్లా అవే గీతలు కనిపిస్తే వేళ్ళు చిప్‌లోనో దాని మెమరీలోనో ఉన్నాయి. చివరగా పెన్‌డ్రైవ్ మీంచి లినక్స్ ఎక్కించి, పెద్ద వీడియో ఒకటి అరగంట నడపాలి. చల్లగా ఉన్నంతసేపు బుద్ధిగా ఉండి, వేడెక్కాక తన్నేసే మెషిన్లు చాలా ఉంటాయి.

వేడెక్కి చల్లారే ఒత్తిడి పదేపదే పడి లోపల పగిలే ఇలాంటి కథ రైల్వే వాళ్ళకి కొత్తది కాదు. 1842 మే 8న ఫ్రాన్స్‌లో వెర్సాయ్ నుంచి పారిస్ వెళ్తున్న రైలింజను ఇరుసు విరిగి, బండి తగలబడి ఎందరో చనిపోయారు. ఇనుము ఒక్క దెబ్బని తట్టుకున్నా, చిన్న చిన్న దెబ్బలు లక్షలసార్లు పడితే లోపల పగులుతుందని ఇంజనీర్లు పట్టించుకోవడం మొదలైంది అలాంటి ప్రమాదాలతోనే. జర్మన్ రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్ 1850, 60 దశకాల్లో ఇరుసుల మీద వరసగా పరీక్షలు చేసి ఆ అలసటని లెక్కల్లో పెట్టాడు. ఈనాటికీ రైల్వేలో ఇరుసుల్ని అల్ట్రాసోనిక్ తరంగాలతో పరీక్షించేది కంటికి కనిపించని ఆ పగులు కోసమే.

గ్రాఫిక్స్ చిప్‌లోనూ జరిగేది అదే. సిలికాన్ వేడికి తక్కువ సాగుతుంది, దాని కింది పలక నాలుగైదు రెట్లు ఎక్కువ సాగుతుంది. రెండింటినీ కలిపేవి టంకంతో చేసిన అతి చిన్న బొడిపెలు. ఆన్ చేసినప్పుడల్లా అవి సాగుతాయి, ఆపినప్పుడల్లా ముడుచుకుంటాయి. కొన్నేళ్ళకి పగులుతాయి. 2008 జులైలో ఎన్‌విడియా తన ల్యాప్‌టాప్ చిప్‌లలో కొన్నిటి ప్యాకేజింగ్ పదార్థం బలహీనంగా ఉందని ఒప్పుకుని, రిపేర్ల కోసం 15 కోట్ల నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెడుతున్నట్టు ప్రకటించింది. డెల్, హెచ్‌పీ, యాపిల్ మెషిన్లు ఆ దెబ్బ తిన్నాయి. 2015లో యాపిల్ 2011 నుంచి 2013 వరకు వచ్చిన కొన్ని మ్యాక్‌బుక్ ప్రోలకి ఇలాంటి వీడియో సమస్యల మీదే ఉచిత రిపేరు ఇచ్చింది. ఆ గడువులన్నీ ఎప్పుడో తీరిపోయాయి. మెషిన్లు మాత్రం చేతులు మారుతూ తిరుగుతూనే ఉన్నాయి.

అందుకే "రీబాలింగ్ చేయించాం" అన్న మాట వినగానే నిశ్చింత పడకూడదు. రీబాలింగ్‌లో మార్చేది చిప్‌కీ బోర్డుకీ మధ్యనున్న టంకం గుండ్లని. పగులు చిప్ లోపలి బొడిపెల్లో ఉంటే అవి అలాగే మిగులుతాయి. వేడిగాలి తగిలించినప్పుడు విడిపోయిన అంచులు తాత్కాలికంగా తాకుతాయి, తెర వెలుగుతుంది, మెషిన్ అమ్ముడుపోతుంది. కొన్ని వారాలకో నెలలకో గీతలు మళ్ళీ వస్తాయి. పని తెలిసిన మెకానిక్ చిప్పే కొత్తది వేశాడా, పాతదాన్నే కాల్చాడా అన్నది అడిగి తెలుసుకోవాలి. ఇరుసులో పగులుంటే పైన రంగు వేసి పంపడం వర్క్‌షాపులో ఎవరూ ఒప్పుకోరు. ఒక పిల్ల చదువు కోసం ఇంటి పొదుపంతా పెట్టి కొనే వస్తువు విషయంలో కూడా ఒప్పుకోకూడదు.

అయితే చిప్ చెడిన ప్రతి మెషినూ పారేయాల్సిందేం కాదు. ప్రాసెసర్‌లోనే ఒక గ్రాఫిక్స్, విడిగా ఇంకోటి ఉన్న మోడళ్ళు 2010 తర్వాత బాగా పెరిగాయి. వాటిలో చాలావాటికి తెర ప్రాసెసర్ గ్రాఫిక్స్‌కే కలిపి ఉంటుంది. విడి చిప్ చచ్చిపోతే విండోస్ డివైస్ మేనేజర్‌లో దాని పక్కన కోడ్ 43 కనిపించవచ్చు, తెర మాత్రం నిక్షేపంగా ఉంటుంది. ఆటలు ఆడుకోవడానికి పనికిరాకపోయినా పాఠాలు వినడానికీ, ప్రోగ్రాములు రాసుకోవడానికీ అలాంటి మెషిన్ చాలు. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, ఇంత పాతవాటిలో లినక్స్ వేసుకోవడమే మేలు.

కాబట్టి బయటి మానిటర్‌లో బొమ్మ బాగుంటే కొత్త తెరో కేబులో ఎంతవుతుందో కనుక్కుని, అంత ధరలోంచి తీసేసి కొనొచ్చు. విడి చిప్ చచ్చి ప్రాసెసర్ గ్రాఫిక్స్ బతికుంటే, ఆ చిప్‌కి పైసా కట్టకుండా కొనొచ్చు. లోగో దగ్గరే గీతలుండి, రెండు తెరల మీదా అవే కనిపిస్తే ర్యామ్, హార్డ్ డిస్క్, ఛార్జర్ విడివిడిగా ఎంత పలుకుతాయో అంతకు మించి ఇవ్వకూడదు. పెన్‌డ్రైవ్ పెట్టి చూడనివ్వని, అరగంట నడపనివ్వని దుకాణదారు దగ్గర అసలు బేరమే ఆడక్కర్లేదు. చాందనీలో దుకాణాలకి కొరత లేదు.