ఎత్తు జీపుకి మెట్టు కట్టే చెయ్యి

థార్ జీపుకి కంపెనీ ఇచ్చే గ్రౌండ్ క్లియరెన్సే 226 మిల్లీమీటర్లు. దానికి లిఫ్ట్ కిట్, పెద్ద టైర్లు తోడైతే చీరకట్టుతో పొట్టి మనిషి ఎక్కడం గండమే. బండి ఎత్తు పెంచినవాడికన్నా ఆ గండం గట్టెక్కించే వెల్డింగ్ మేస్త్రీదే అసలు పనితనం అంటాను. నేలకీ బండి ఫ్లోరుకీ నడుమ, తలుపు తీయగానే పాదం పడేచోట మెట్టు పెడతాడు. తడికాలు జారకుండా పైన గరుకు పట్టీ, లోపల చేతికందే హ్యాండిల్. ఒంటిని పైకి లాగేది చెయ్యే కదా! అందం చెడుతుందంటారు కొందరు. నాయనమ్మ ఎక్కలేని అందం ఎవరికోసమో. మెట్టు రాళ్లకి తగులుతుందన్న ఆఫ్‌రోడ్ వాళ్ల అభ్యంతరంలో మాత్రం పస ఉంది. పల్చటి రేకుని బాడీకి బిగిస్తే మొదటి బండకే వంగుతుంది. మందపాటి పైపుని ఛాసిస్‌కి బిగించి, దాని కింది మెట్టుకి మడిచే కీలు పెడితే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది. పైగా రాయి తగిలినప్పుడు తలుపు కింది అంచుకి ఆ పైపే అడ్డు.